ఊదుడుగాడి వంతెన

మా వదిన చనిపోయి నెల కావస్తోంది. అన్నయ్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "మీ వదిన ఇంక లేదురా" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో గుర్తులేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. మందు లేదని డాక్టర్లు ముందే చెప్పారు. చెప్పినంత మాత్రాన గుండె రాయి చేసుకోగలమా?

ఈ పరాయి దేశంలో, జురాంగ్ వెస్ట్‌లో మా ముగ్గురిదీ ఒకే ఫ్లాట్. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో వాళ్లింట్లో దిగాను, మళ్లీ కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినా నేనూ ఒక వీడియో గేమ్ ఆడేవాళ్లం. ఇద్దరు బొమ్మ మనుషులు గోడలూ గుంతలూ దూకుతూ పోవాలి. నాది నీలం చొక్కా, ఆమెది పసుపు గౌను. ఆ గేమ్ ఎన్ని భాగాలు వచ్చినా ప్రతి దాంట్లోనూ ఒక బూరెబుగ్గల మబ్బు శత్రువు ఉంటాడు. వంతెన చివర వేలాడుతూ, మనం రాగానే బుగ్గలు పూరించి ఊదేస్తాడు. మనం గుంతలో పడతాం. వదిన వాడికి ఊదుడుగాడని పేరు పెట్టింది.

నేను ఆవేశపడి వాడి మీదకి ఉరికి, పడిపోయేవాణ్ని.

"గాలితో గొడవేంటి అబ్బాయ్? వాడు ఊదేప్పుడు కూర్చో. ఊపిరి పీల్చుకునేప్పుడు లేచి నడు" అనేది వదిన.

భీమవరం మనిషి, తుఫాన్లు చూసిన మనిషి. వాడు ఊదుతుంటే బొమ్మతో పాటు తనూ చున్నీ తలమీదకి లాక్కుని సోఫాలో ముడుచుకునేది. "మనింట్లో తీరం దాటిందిరా" అని అన్నయ్య ఏడిపించేవాడు. ఆఫీసులో మేనేజర్ నా మీద అరిచిన రోజు కూడా ఆమెది ఇదే మాట. "ఊదనీ. ఎంతసేపని ఊదుతాడు?" ఆ మాట పట్టుకునే ఇక్కడ ఇన్నేళ్లు నెగ్గుకొచ్చాను.

కొత్త భాగం వచ్చేసరికి ఆమె ముక్కుకి ఆక్సిజన్ గొట్టం వచ్చింది. చివరి వంతెన దగ్గర ఆగిపోయాం. ఇద్దరూ దాటితేగానీ అవతలి తలుపు తెరుచుకోదు. "ఆ తలుపెనకాల ఏముందో చూసే పోతాను" అనేది. నేను ఊదుడుగాణ్ని చూడాల్సింది పోయి ఆమె ఎగశ్వాసను చూస్తూ గుంతలో పడేవాణ్ని. "నన్ను చూడకు, వాణ్ని చూడు" అని కసిరేది. చూడకుండా ఎలా ఉంటాను? చివరికి ఆమె వేలు బటన్ మీద నిలిచేది కాదు. ఎంతసేపని ఊదుతాడన్న మాట తప్పు. వాడు ఊదుతూనే ఉన్నాడు, వదిన ఊపిరే అయిపోయింది.

పదో రోజు సముద్రం ఒడ్డున పిండం పెట్టాం. మైనాలు వచ్చాయి గానీ కాకి రాలేదు. పోయినవాళ్లకి కోరిక మిగిలిపోతే కాకి ముట్టదని, అది తీరుస్తామని మాట ఇవ్వాలని మనవాళ్ల నమ్మకం. "మీ అమ్మని నేను చూసుకుంటాను" అని వదినకి మాటిచ్చాడు అన్నయ్య. అయినా కాకి రాలేదు. "మైనా ముట్టినా పర్లేదా పంతులుగారూ?" అని అడిగాడు పాపం. ఆయన మైనాల్ని చేత్తో అదిలించారు.

నేను చేతులు జోడించి, "వదినా, నిన్ను ఆ వంతెన దాటిస్తాను" అన్నాను. పంతులుగారు నావంక వింతగా చూశారు. కాసేపటికి చెట్టు మీంచి ఒక కాకి దిగి, ముద్ద అందుకుని ఎగిరిపోయింది. అన్నయ్య ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం గేమ్ పెట్టాం. నా కంట్రోలర్ నేను పట్టుకున్నాను, వదినది అన్నయ్య చేతికిచ్చాను. ఊదుడుగాడు ఊదాడు, కూర్చున్నాను. పీల్చుకున్నాడు, నడిచాను. ఈసారి పడలేదు. అవతలికి చేరాను. తలుపు తెరుచుకోలేదు.

వెనక్కి తిరిగి చూస్తే ఆ గట్టున పసుపు గౌను బొమ్మ ఒక్కతే ఉంది. ఎవరూ బటన్ నొక్కకపోతే ఆ బొమ్మ తనంతట తనే కూర్చుంటుంది.

"నొక్కు అన్నయ్యా."

అన్నయ్య కంట్రోలర్‌ని రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉన్నాడు, ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకున్నట్టే.

"నావల్ల కాదురా" అన్నాడు.

ఊదుడుగాడు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. లేచి నడవాల్సిన సమయం అదే. వదిన లేవలేదు.