సాక్సు తొడిగిన సీసాలు

తడిసిన అట్టపెట్టె వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో నేను పనిచేసే గోదాములో, మంచు కరిగే రోజుల్లో ఆ వాసన మామూలే. కింది వరసలో ఎన్ని పెట్టెలు పాడై ఉంటాయో విప్పకుండానే అంచనా కట్టడం నా పని. ఆ లెక్క ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. చూస్తూ, పొరబడుతూ, సరిచేసుకుంటూ పట్టుబడింది. కానీ ఆ వాసన నన్ను మొదటిసారి భయపెట్టింది గోదాములో కాదు, సుభాషిణి గారి భోజనాల బల్ల దగ్గర, ఒక వైన్ గ్లాసులో.

సుభాషిణి గారు మా వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. హాస్పిటల్లో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. శనివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్ళం కొందరం ఆవిడ ఇంట్లో చేరేవాళ్ళం. పోర్చుగల్, స్పెయిన్, దక్షిణ ఇటలీ నుంచి వచ్చే చవక వైన్లు, ఇంట్లో వంకాయ వేపుడు చేసుకున్న రోజున కూడా ఆలోచించకుండా తెరవగలిగేవి, రుచి చూడడం ఆవిడకు సరదా. లేబులూ ధరా కనబడకుండా ప్రతి సీసాకూ జత తప్పిన ఉన్ని సాక్సు ఒకటి తొడిగేవారు. రుచి చూసి ఉమ్మడానికి స్టీలు చెంబు, మధ్యలో చేగోడీల పళ్ళెం.

మొదటి రోజు నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పదికి ఆరు" అన్నాను.

"మార్కులెవరడిగారయ్యా? ఏం వాసనొచ్చిందో చెప్పు."

"నాకు వీటి పేర్లు తెలీవండీ."

"పేర్లు కొట్టువాళ్ళకి తెలుస్తాయిలే. నీ ముక్కుకి తెలిసిన మాట చెప్పు, ప్రసాద్."

జంకుతూనే, నానబెట్టిన చింతపండు అన్నాను. పక్కనున్న రిటైర్డ్ ఇంజనీరు రావు గారు పకపకా నవ్వారు. "ఇంకేం, పోపు పెట్టేస్తే చారైపోతుంది!" సుభాషిణి గారు నవ్వలేదు. తన గ్లాసు మళ్ళీ వాసన చూసి, "ఉంది. చింతపండే" అన్నారు.

ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఒక నియమం పెట్టారు. ఎక్కువ జంకేవాళ్ళే ముందు చెప్పాలి. పెద్దవాళ్ళు ముందు నోరు విప్పితే మిగతావాళ్ళు గ్లాసును వదిలేసి ఆ మాటనే వాసన చూస్తారని ఆవిడ వాదన. అందుకని ప్రతిసారీ నావైపు తిరిగి, "ముందు నువ్వు" అనేవారు. గోదాములో మేనేజర్ల ఎదుట నా అంచనా గొంతులోనే ఉండిపోయేది. అది బయటికి రావడం నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.

ఒక చలికాలపు శనివారం ఆ నియమం తప్పింది ఆవిడే. మూడో సీసా పోయగానే, ఎవరూ గ్లాసు ఎత్తకముందే, "ఎండు చెర్రీ, కాస్త మిరియం. స్పెయిన్‌ది" అన్నారు. రావు గారు తలూపారు. "అవునవును, మిరియం గొంతులో తెలుస్తోంది." నేను గ్లాసు ఎత్తాను. తడిసిన అట్టపెట్టె. బిరడా చెడి సీసా మొత్తం పాడైపోయింది. అలాంటి సీసాను వాసన తగలగానే సింకులో పారబోయాలని మాకు నేర్పిందే ఆవిడ. ఇప్పుడు ఆవిడే నింపాదిగా ఇంకో గుక్క తాగారు.

అందరూ వెళ్ళాక, గ్లాసులు కడుగుతుంటే చెప్పాను. "ఆ మూడోది పాడైందండీ."

ఆవిడ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "బాగా తెలుస్తోందా?"

"గదంతా కొడుతోందండీ."

కుళాయి కట్టేసి కుర్చీలో కూర్చున్నారు. "ఎండాకాలం నుంచీ నాకేమీ రావట్లేదయ్యా. కాఫీ రాదు, ఇంగువా రాదు. సాక్సు తొడిగేటప్పుడు లేబుల్ చూసుకుని, పాత రుచులు గుర్తు తెచ్చుకుని చెబుతున్నా." తడి చేతులు తుడుచుకుంటూ అన్నారు: "మా అక్కకీ ముందు ముక్కే పోయింది. తర్వాత మా పేర్లు పోయాయి."

"జలుబు చేసినా పోతుంది కదండీ. టెస్టులు చేయించుకుంటే..."

"డాక్టర్ని నేనా, నువ్వా?" అని కసిరారు. వెంటనే గొంతు తగ్గింది. "చేయించుకుంటాలే. భయంగా ఉందయ్యా."

ఎంతోమందిని నిద్రపుచ్చి, ధైర్యం చెప్పి మళ్ళీ లేపిన మనిషి ఆవిడ. ఆ నోటి నుంచి ఆ మాట వచ్చాక నాకూ నిద్ర పట్టలేదు. ఒంటరి ఇల్లు, గ్యాస్ పొయ్యి, వాసన తెలియని ముక్కు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో లెక్క వేసుకుంటూ పడుకునేవాణ్ణి. గ్యాస్ అలారం కొని బిగిద్దామని ఇద్దరం అనుకున్నాం. అది కొనేలోపే, పని నుంచి వస్తూ ఒక మధ్యాహ్నం తలుపు కొట్టాను. "రావయ్యా, కాఫీ పెడుతున్నా" అంటూ ఆవిడ వంటింట్లోకి నడిచారు. నేను లోపల అడుగు పెట్టగానే కుళ్ళిన గుడ్ల వాసన ముఖాన కొట్టింది. ఆవిడ చెయ్యి అప్పటికే పొయ్యి మీదికి వెళ్తోంది.

"ఆగండి! ముట్టుకోకండి!"

చెయ్యి గాలిలో ఆగింది. "ఏమైంది? నాకేమీ రావట్లేదే."

"గ్యాసండీ. బయటికి వచ్చేయండి."

ఆవిడ పొయ్యి వైపు చూశారు, నా వైపు చూశారు. ఆ క్షణాన ఆవిడకు తన ముక్కు సాక్ష్యం లేదు. ఉన్నది నా మాట ఒక్కటే. "నిజంగానా?" అన్నారు చిన్నపిల్లలా. "ముందు నేను చెబుతున్నాను కదండీ, రండి" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంటి చెప్పులతో మంచులో నిలబడి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశాం. అంతకుముందెప్పుడో పాలు పొంగి మంట ఆరిపోయిందనీ, ఆవిడ చూసుకోలేదనీ తర్వాత తెలిసింది. వణుకుతూ నా భుజాన్ని పట్టుకుని, "ఎన్ని మార్కులయ్యా?" అని అడిగారు. "పదికి పదండీ" అన్నాను. నవ్వబోయి ఏడ్చేశారు.

కూతురు వచ్చి ఆవిడను దేశం పడమటి చివర బర్నబీలోని తన ఇంటికి తీసుకెళ్ళింది. భయపడినట్టే, అక్కకొచ్చిన మతిమరుపు జబ్బేనని టెస్టుల్లో తేలింది. చివరిసారి వీడియో కాల్ చేసినప్పుడు ఎదురుగా కూతురు పోసిపెట్టిన గ్లాసు ఉంది. ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. పేరు రాలేదు. ఆ చూపు నన్ను దాటి ఎటో వెళ్ళిపోతుందేమోనని హడలిపోయాను. అప్పుడు గ్లాసెత్తి, "ముందు నువ్వు" అన్నారు.

"నానబెట్టిన చింతపండండీ."

ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఉంది" అన్నారు, నమ్మకంగా.

ఆవిడ పోయాక కూడా మా ఇంట్లో శనివారం ఒక సీసా తెరుస్తాం. నాకు కనబడకుండా సాక్సు తొడగడం మా ఆవిడ పని. లేబుల్ చూస్తే నా ముక్కును నేనే మోసం చేసుకుంటానేమోనని భయం. మొన్న గ్లాసు ఎత్తితే ఏమీ రాలేదు. మళ్ళీ చూశాను, రాలేదు. "ఎలా ఉంది?" అనబోయిన మా ఆవిడను చేత్తో ఆపాను. గ్లాసు చల్లగా ఉందంతే అనుకుంటూ రెండు అరచేతుల మధ్య పట్టుకుని, సుభాషిణి గారు ఆ ఎండాకాలమంతా ఇలాగే ఎన్ని గ్లాసులు వెచ్చబెట్టి ఉంటారో అనుకున్నాను. కాసేపటికి, సన్నగా, చింతపండు. పైకి చెప్పాకే ఊపిరి వదిలాను.