రాజుగారి గోడకు బెల్లం

ఆ రోజుల్లో నాకు నోరు ఎక్కువ, హిందీ తక్కువ. (ఇప్పుడు హిందీ వచ్చింది, నోరు మాత్రం తగ్గలేదు.) శ్రీకాకుళం పక్క నుంచి పెళ్లై జంషెడ్‌పూర్ వచ్చాను. అక్కడ బర్మామైన్స్ బస్తీలో ఒక్క గది, అందులో రోజంతా ఎదురుగా మా అత్త. ఉండలేక, తాపీపని చేసే మా ఆయన వెంటపడి నేనూ కూలికి బయలుదేరాను. "బాస రాదు, పనికెల్తాదట! సాయంత్రానికి తరిమేత్తారు, సూడు," అంది అత్త. తరిమేస్తే మళ్లీ ఆ గదే, ఆవిడే. అందుకే ఆ పని నిలబెట్టుకోవడం నాకు ప్రాణంతో సమానం.

ఊరికి కాస్త దూరంలో పాత రాజుగారి కోటను మ్యూజియం చేస్తున్నారు. ఆ గోడలకు సిమెంటు పడదట. సున్నంలో కాస్త బెల్లం నీళ్లు, బాగా మారేడు గుజ్జు కలిపి పూయాలి. పెద్ద మేస్త్రి, బీహారు ముసలాయన, పరంజా మీద నుంచి "బేల్ డాలో! ఔర్ బేల్!" అని అరిచాడు. బెల్లం అనబోయి సగం మింగేశాడనుకున్నాను. (నోటినిండా ఖైనీ ఉన్నవాడు పూర్తి మాట ఎలా అంటాడు?) ఉన్న బెల్లమంతా తొట్టిలో వేసేశాను.

మర్నాడు వెళ్లేసరికి దర్బారు గోడ నల్లగా కదులుతోంది. చీమలు! రాజుగారున్నప్పుడు కూడా దర్బారుకు అంతమంది వచ్చి ఉండరు. "క్యా డాలా, బహూ?" అన్నాడు పెద్ద మేస్త్రి. "బేల్!" అన్నాను ధీమాగా, ఖాళీ బెల్లం గోనె ఎత్తి చూపిస్తూ. మా ఆయన తల పట్టుకున్నాడు. "బేలంటే మారేడుకాయే! కోటకి పాకం ఎట్టీసినావేటే!" నాకు కోట కనిపించలేదు, మా గది గుమ్మంలో అత్త కనిపించింది. "బాబూ, నానే గీకేత్తాను, మళ్లీ పూసేత్తాను, ఇంటికి మాత్రం పంపకండి! ఇంట్లో మా అత్తుంది!" అని తెలుగులోనే మొత్తుకున్నాను. మా ఆయన దాన్ని హిందీలో చెప్పేసరికి ముసలాయన పరంజా కర్ర పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "సాస్ సే డర్‌తీ హై? రహ్‌నే దో!" అన్నాడు. అత్తకు జడిసేదాన్ని ఉండనిమ్మన్నాడు! చీమలతో కుట్టించుకుంటూ గోడంతా గీకాను, పని నిలబడింది. ఒంటిమీద దద్దుర్లేంటని అడిగిన అత్తకు మాత్రం కోటలో దోమలెక్కువని చెప్పాను. ఆ రోజు నుంచి మా ఆయనకు నేను "బెల్లం" అయిపోయాను.

ఆయన పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. మొన్న మనవరాలు ఆ మ్యూజియానికి తీసుకెళ్లింది. నా గోడ చెక్కుచెదరలేదు; ఒక్క చీమైనా లేకపోయేసరికి కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. కోట చూపించే పిల్ల "ఇస్ దీవార్ మే బేల్ హై" అని నా గోడ చూపించి చెబుతుంటే నా నోరు ఊరుకుంటుందా? "బెల్లం!" అన్నాను గట్టిగా. అందరూ తిరిగి చూశారు.

"క్యా హువా, నానమ్మా?"

"ఏటీ నేదే," అన్నాను నవ్వుతూ, "నన్ను నానే పిలుసుకున్నాను."