మెట్టు మెట్టుకూ ఆగి చెప్పిన మాట

మా మేనమామ పోయి ఈరోజుకు పదకొండు రోజులు. ఆ రోజు పొద్దున్నే మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ లేస్తలేడు" అంది. సూరత్‌లో షాపు ఉన్న ఉధ్నా నుంచి మామ ఇల్లున్న డిండోలికి ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆయన ముఖం కంటే ఆయన ఎక్కిన మెట్లే కళ్ల ముందు మెదిలాయి. ఆ మెట్లు ఎక్కాల్సి రావడంలో నా వంతు కూడా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మామ సూరత్ పవర్‌లూమ్ కార్ఖానాల్లో ఇరవై ఆరేళ్లు చీరల బట్ట నేశాడు. మగ్గాల మోతకు చెవులు మందగించి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మా నాన్న పోయాక నన్ను తన దగ్గర పెట్టుకుని ఫార్మసీ చదివించింది ఆయనే. పరీక్షల ముందు నా పుస్తకం తెరిచి, తను చదవలేని పేర్ల మీద వేలు పెట్టి "ఇదేంది?" అని అడిగేవాడు. నేను గొణిగితే ఊరుకునేవాడు కాదు. "తెలిస్తె తెలుసను, తెల్వకపోతె తెల్వదను. నడుమల ఉండకు" అనేవాడు.

రెండో వేవ్‌లో ఆయనకు కరోనా వచ్చింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు గానీ, ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడ్డాయని డాక్టర్ స్కాన్ చూపించి చెప్పాడు. అంత గొంతున్న మనిషికి ఒక వాక్యం పూర్తిచేయడానికి రెండుసార్లు ఊపిరి అందుకోవాల్సి వచ్చేది.

ఆయన మందుల చీటీలో ఊపిరితిత్తుల వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రతో పాటు, అది కడుపును పాడుచేయకుండా పరగడుపున వేసుకోవాల్సిన గ్యాస్ గోళీ కూడా ఉండేది. ఒక ఆదివారం ఆ గోళీ పట్టుకుని "ఇది దేనికే?" అన్నాడు. కడుపులో ఆసిడ్ తగ్గడానికి అని చెప్పి ఊరుకోవాల్సింది. అప్పటికి రెండు రోజుల కిందటే ఫోన్‌లో ఏదో చదివాను. ఈ మందులు ఊపిరితిత్తుల వాపును, మచ్చలను కూడా తగ్గిస్తాయేమోనని పరిశోధకులు చూస్తున్నారట. పైకి తన్నే ఆసిడ్ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపడం వల్లనా, మందుకే ఉన్న వేరే గుణం వల్లనా, అసలు మనుషుల్లో పనిచేస్తుందా అన్నది ఇంకా తేలలేదని కూడా అందులోనే ఉంది. ఆయనకు ధైర్యం చెబుదామని మొదటి సగం గట్టిగా, రెండో సగం మెల్లగా చెప్పాను. ఆ చెవులకు మొదటి సగమే చేరింది.

మామ మంచివార్త దాచుకునే మనిషి కాదు. తనలాగే కరోనా తర్వాత ఊపిరాడక కూర్చున్న సాటి కార్మికులకు చెప్పాడు. వాళ్లలో వడోద్‌లో ఉండే ఎల్లయ్య ఒకడు. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి విసిగిపోయి ఉన్నాడు. పొట్ట గోళీయే ఊపిరితిత్తులకూ పనిచేస్తుందంటే ఇక రెండోది ఎందుకనుకున్నాడు. మెల్లమెల్లగా తగ్గించాల్సిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపేశాడు. అయిదో రోజు స్నానానికి వెళ్లి అక్కడే కూలిపోయాడు. ఆసుపత్రిలో చేర్చారు గానీ దక్కలేదు. ఆ మందు ఆపకపోతే బతికేవాడా అంటే డాక్టర్ కూడా చెప్పలేనన్నాడు.

ఎల్లయ్య అంత్యక్రియలు అయ్యాక మామ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "ఇంకెవరెవరికి చెప్పావు మామా?" అని అడిగితే నాలుగు వేళ్లు చూపించాడు. ఫోన్ చేద్దామన్నాను.

"ఎదురుంగ కూసొని చెప్పిన. ఎదురుంగనే పోయి వాపస్ తీసుకుంట."

ముగ్గురు దగ్గర్లోనే ఉన్నారు, వాళ్లకు ముందు చెప్పి వచ్చాం. నాలుగో ఇల్లు ఉన్ అనే పేటలో, మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. మామ ఒక్కో మెట్టు ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి అందాకే ఇంకో మెట్టు ఎక్కాడు. రెండో అంతస్తుకే పెదాలు నీలమయ్యాయి. "నువ్విక్కడే కూర్చో మామా, నేను పోయి చెప్తా" అన్నాను. వద్దని చేత్తోనే సైగ చేశాడు.

తలుపు తీసినావిడ ఆయన్ని చూసి భయపడి నీళ్లు తెచ్చింది. గడపలోనే కూలబడ్డాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా, నేను చెప్పింది తప్పు. పొట్ట గోళీ పొట్టకే. ఊపిరితిత్తులకు... పనిజేస్తదో లేదో... ఇంక ఎవ్వలికి తెల్వదు. డాక్టర్ రాసింది ఒక్కటి గూడ ఆపొద్దు."

"అయ్యో అన్నా, నిన్ననే ఆపిండు గదా!" అంటూ ఆవిడ లోపలికి పరుగెత్తింది. మేం అక్కడ ఉండగానే భర్తతో స్టెరాయిడ్ మాత్ర వేయించి, డాక్టర్‌కు ఫోన్ చేసింది. మామ కళ్లు మూసుకుని గోడకు తల ఆనించాడు.

దిగేటప్పుడు "తప్పు నాది మామా" అన్నాను.

"నువ్వు 'తగ్గుతదేమో' అన్నవు బిడ్డా. ఆ 'ఏమో'ను నేనే మింగిన."

ఆ మాటతో నన్ను వదిలేశాడు. నన్ను నేను వదిలేయలేకపోయాను. ఆ తర్వాత షాపులో ఏ మందు గురించి ఎవరు అడిగినా, తెలియనిది తెలియదని గట్టిగానే చెబుతున్నాను.

మామ ఊపిరితిత్తుల్లో మచ్చలు తగ్గలేదు, ఇంకా పాకాయి. గ్యాస్ గోళీ మాత్రం కడుపు కోసం రోజూ వేసుకునేవాడు. ఆదివారం నేను వెళ్లగానే "ఆ గోళీ సంగతి తేలిందా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు మామా." "సరే తియ్యి" అనేవాడు. దిగులుగా కాదు, రావాల్సిన బస్సు ఇంకా రాలేదన్నట్టు.

అత్త ఫోన్ చేసిన ఆ రోజు నేను వెళ్లేసరికి గది నిండా ఇరుగుపొరుగు. చివర్లో మామకు ఊపిరి అందించిన ఆక్సిజన్ మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. ముక్కు నుంచి తీసిన ట్యూబును ఎవరో తలగడ మీద పెట్టారు. ఆపడానికి చెయ్యి చాపితే అత్త నా మణికట్టు పట్టుకుంది. "జరసేపు ఉండనియ్యి" అంది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. తలగడ గలీబు అంచున ఊడిన దారప్పోగు ఒకటి, ఆ ట్యూబులోంచి వచ్చే గాలికి మెల్లగా కదులుతూ ఉంది.