కుర్చీ మాస్టారు

మాస్టారికి సొంత కుర్చీ అచ్చిరాదు. గుండెజబ్బుల పరిశోధనశాలలో అందరికన్నా పెద్దవారు కదా అని కిటికీ పక్కన మెత్తటి కుర్చీ వేయించారు. అందులో ఆయన గొడుగు హాయిగా కూర్చుంటుంది. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి, ఎవరిదో ఒకరి కుర్చీ చూసుకుని చతికిలబడతారు.

ఈ జాడ్యానికి ఎక్కువగా బలైంది ఆయన దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయి.

"సార్, అది నా కుర్చీ."

"తెలుసమ్మా. బాగుంది."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"నించుంటే రక్తప్రసరణకి మంచిది."

పైగా దీనికో పాఠం. "గుండె కణం గుమ్మంలో ఓ కుర్చీ ఉంటుందమ్మా. కంగారు పుట్టించే హార్మోను వచ్చి అందులో కూర్చుందా, లోపలికి కబురెళ్తుంది. ఆ నోటా ఈ నోటా పడి కణమంతా పరుగో పరుగు! రోజూ ఇదే వరసైతే గుండె ఉబ్బిపోదూ? మంచి మందు ఏం చేస్తుంది? హార్మోను కంటే ముందే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. అంతే!"

"మందు సంగతి సరే సార్. మీరెందుకు కూర్చుంటారు?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటారు. ఆ అమ్మాయికి ఒళ్లు మండిపోయేది.

ఒక సోమవారం ఆమె కొంప మునిగింది. కణాలు పెంచే వెచ్చటి పెట్టె తలుపు సరిగ్గా పడిందో లేదో చూడకుండా ఇంటికెళ్లింది. నెలల తరబడి సాకిన గుండె కణాలన్నీ చచ్చిపోయాయి. ఆ కబురు డైరెక్టరుకి చేరిపోయింది. కిందటేడు ఇలాంటి తప్పుకే ఒకర్ని ఇంటికి పంపించేసిన మనిషి ఆయన. తన చదువు ఇక్కడితో సరి అనుకుంది ఆమె. సంజాయిషీ అయినా రాసుకుందామని వస్తే, కుర్చీలో మాస్టారు!

"సార్, మీకు దండం పెడతాను. ఇవాళైనా లేవండి!"

"ఇవాళ అసలు లేవను. నువ్వెళ్లి గాజుసామాను కడుక్కో."

ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చి, విసవిసా కుళాయి దగ్గరికి వెళ్లిపోయింది. అంతలోనే తలుపు తోసుకుంటూ డైరెక్టరు ఊడిపడ్డాడు.

"ఎక్కడ? ఈ కుర్చీలో ఉండాల్సిన మనిషెక్కడ?"

"ఉన్నాను కదయ్యా. ల్యాబు నాది, పెట్టె నాది, తప్పు నాది. కానివ్వు, తిట్టు."

తనకి చదువు చెప్పిన గురువుని ఎలా తిట్టాలో డైరెక్టరుకి తెలియలేదు. కాసేపు పెట్టెను తిట్టాడు, కాసేపు కరెంటును తిట్టాడు, చివరికి "సరే, మళ్లీ పెంచండి" అని వెళ్లిపోయాడు.

కుళాయి దగ్గర్నుంచే అంతా విన్న ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మాస్టారి మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

"సార్..."

"వెలుతురుకి అడ్డం నించోకమ్మా."

మర్నాడు పైనుంచి తనిఖీ బృందం దిగుతోందన్నారు. కణాలెందుకు పోయాయో డైరెక్టరే వాళ్లకి జవాబు చెప్పుకోవాలి. ఆమె వచ్చేసరికి తన కుర్చీ ఖాళీగా ఉంది. పక్కవాళ్ల కుర్చీల్లోనూ మాస్టారు లేరు. వెతుక్కుంటూ వెళ్తే, డైరెక్టరు గదిలోంచి బతిమాలుతున్న గొంతు వినిపించింది.

"మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, నా కుర్చీలోంచి లేవండి! వాళ్లు మెట్లెక్కుతున్నారు!"

"అందుకే కదయ్యా కూర్చున్నాను."