సగం తుడిచిన కిటికీ

పల్నాటి బోరు నీళ్ళు అద్దం మీద చిందితే, ఆరేసరికి తెల్లటి గార కడుతుంది. దాన్ని వదిలించడమే శౌరయ్య బతుకుతెరువు. రెంటచింతల నుంచి పొద్దున్నే బస్సెక్కి మాచర్ల వస్తాడు. మరకను ముందు గోటితో గీకి చూస్తాడు. వెనిగర్‌లో ముంచిన పాతగుడ్డను అద్దానికి అంటించి, అది నానేదాకా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటాడు. తర్వాత బ్లేడు ఏటవాలుగా పట్టి, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి లాగుతాడు. అద్దాన్ని చూస్తాడే గానీ అద్దంలోంచి ఎవరి ఇంట్లోకీ చూడడు.

ఆ రోజు సందులో నిలబడి బసవమ్మగారి వంటింటి కిటికీ తుడుస్తున్నాడు. ఏళ్ళ తరబడి కూలర్ నీళ్ళు చింది అద్దం మొత్తం మసకబారింది. సగం తేటపడేసరికి ఆమె పొయ్యి వదిలేసి సందులోకి పరిగెత్తుకొచ్చింది.

"ఆపవయ్యా! దీన్నెవరు తుడవమన్నారు?"

"అన్ని కిటికీలూ తుడవమన్నాడమ్మా మీ అబ్బాయి."

"వాడికేం తెలుసు? ఎదురుగా మా తోడికోడలి వంటిల్లు. మాకు మాటల్లేక చానా ఏళ్ళయింది. ఆ గారే మాకు పరదా!"

శౌరయ్య బ్లేడు దించాడు. ఆమె ఇంకా ఏదో అనబోతుండగా ఎదురింటి కిటికీలోంచి కేక వినిపించింది.

"అక్కా, పాలు పొంగుతున్నయ్!"

బసవమ్మ లోపలికి ఉరికింది. పొయ్యి ఆర్పింది. శౌరయ్య గుడ్డ పిండి బకెట్ అంచున ఆరేశాడు. అప్పుడు బసవమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"సగంలో ఆపావేందయ్యా? మిగతాది కూడా తుడువు."