చివరి పేజీలు లేని నవల

మా చిన మావ పంపే వాయిస్ మెసేజులు వింటూ కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది. అయినా చివరిదాకా వింటాను. ఒకప్పుడు ఆయనకి నత్తి. కొట్టులో "పంచదార" అనలేక ఉప్పు కొనుక్కొచ్చేవాడు. ఎవరేమడిగినా "అదే..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవాడు.

పొందూరులో అమ్మమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వసారాలో కూర్చుని రాట్నాలు తిప్పేవారు. రేడియో పాడైపోయినప్పుడు అమ్మమ్మ లైబ్రరీ నుంచి ఒక పాత నవల తెప్పించి మావ చేతిలో పెట్టింది.

"సదువురా. ఆగితే ఆగు, మాకేటి తొందర. దారం కూడా తెగుతానే ఉంటాది గదా."

మావ రాట్నాల చప్పుడుకి లయ కలిపి చదివాడు. వారాలు గడిచేకొద్దీ తడబాటు తగ్గింది.

తీరా కథ ముగిసే వేళకి చూస్తే చివరి పేజీలు లేవు. పక్కన కూర్చున్న నాకూ అది కనిపించింది. మావ "అదే..." అన్నాడు. తర్వాత పుస్తకం వెనక అట్టకేసి చూస్తూ, మిగతా కథంతా సొంతంగా అల్లి, ఒక్కచోటా ఆగకుండా చెప్పేశాడు. కథానాయిక ఏటిలో మునిగి చనిపోయింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పేజీలు లేవని ఎవరికీ తెలియలేదనుకున్నాను.

అమ్మమ్మ రాట్నం ఆపింది.

"ఇంత బాగా సెప్పగలిగినోడివి, ఆ పిల్లని బతికించడానికి నీకేటొచ్చిందిరా?"