జంబే బాణాలు మధ్యలోనే పడేవి

జంబే మా ఆఫీసు తరఫున వేసిన మొదటి బాణం సగం మైదానం కూడా దాటకుండా గడ్డిలో దిగింది. గట్టు మీంచి ఒక వీధికుక్క తీరిగ్గా నడిచొచ్చి, దాన్ని వాసన చూసి, కాలెత్తి, తన దారిన తాను పోయింది. గురిపలక దగ్గర నిలబడ్డ మేమెవరమూ నవ్వలేదు. మా ఆఫీసరు తిన్లే గారు ఆకాశంలోకి చూశారు. అవతలి జట్టువాళ్లు మాత్రం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ అప్పటికప్పుడు పాట కట్టారు: వ్యవసాయంవాళ్లు బాణం నాటారు, నీళ్లు కూడా పెట్టించారు, వచ్చే ఏటికి మొలకెత్తుతుందిలే అని.

ఆ ఏడు రాజధాని థింపూ నుంచి ఆదేశం వచ్చింది. మా జాతీయ క్రీడైన విలువిద్య డబ్బున్నవాళ్ల ఆట అయిపోతోందట. అందుకని ప్రతి ప్రభుత్వ ఆఫీసూ జట్టు కట్టాలి, వెదురు విల్లే పట్టాలి, బత్తెం అడక్కుండా ఆడాలి, రాజుగారి పుట్టినరోజున పోటీకి దిగాలి. జట్టుకు పదమూడుగురు కావాలి. మా ఆఫీసంతా గాలించినా ఒకడు తగ్గాడు. అలా జీపు డ్రైవరు జంబే మీద కన్నుపడింది.

జంబే నలభై దాటిన మనిషి. కొండ మలుపుల్లో కోడిపిల్ల అడ్డొచ్చినా జీపు ఆపి, అది దాటేదాకా తమలపాకు నములుతూ కూర్చునేవాడు. మైదానం పక్కనుంచి ఎప్పుడూ పోయేవాడు కాదు. పైరోడ్డు చుట్టుతిరిగి వచ్చేవాడు. డ్రైవర్లకు ఇలాంటి పట్టింపులుంటాయిలే అనుకునేవాణ్ని. ఆడమంటే ముందు భుజం నొప్పన్నాడు, తర్వాత పన్ను నొప్పన్నాడు, ఆఖరికి జాతకం బాగాలేదన్నాడు.

“రాజుగారి ఆటకు రానివాడికి సర్కారు జీపెందుకయ్యా?” అన్నారు తిన్లే గారు. జంబేది పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాది చివరికి గడువు తీరిపోతుంది. మర్నాడు మైదానానికి వచ్చాడు. కుక్క సంగతి అప్పటిదే.

పాపం, నేర్పుదామని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. చీపురుకట్టను విల్లుగా పట్టుకుని మోచెయ్యి ఎక్కడుండాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో ఉపన్యాసమిచ్చాను. ఆయన బుద్ధిగా తలూపుతూ విన్నాడు. నన్ను సాగనంపడానికి వాకిలిదాకా వచ్చిన ఆయన భార్య యాంగ్దెన్ చెప్పింది, వాళ్ల లోయలో ఆయనంతటి విలుకాడు లేడని. చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది. ఇచ్చేశాను.

అప్పుడు మిగతాదీ చెప్పింది. ఆమె తమ్ముడు, నాదో అనే కుర్రవాడు, మా ఆటలో మామూలుగా చేసినట్టే విలుకాడి గురి చెదరగొట్టడానికి పలక ముందు గెంతుతున్నాడట. నడుముకు చెక్కుకున్న పట్టుగుడ్డ జారింది. దాన్ని అందుకోవడానికి పలకకు అడ్డంగా వంగాడు. జంబే బాణం అప్పటికే వదిలేశాడు.

“ఆ రోజు ఈయన గురి జానెడు తప్పినా మా తమ్ముడు బతికేవాడు, అటా,” అంది. అటా అంటే మా దగ్గర అన్న.

మర్నాడే తిన్లే గారికి అంతా చెప్పాను, జంబేని వదిలేస్తారని. ఆయన చెడ్డవాడు కాదు. నాకొక తమలపాకు చుట్టిచ్చారు. ఆ తర్వాత మెల్లగా, అయితే వాడు లోయకంతా మొనగాడన్నమాట, అన్నారు. పోటీలో ఆఖరి బాణం జంబేదని ఆ పూటే తేల్చేశారు. పలకకు తగిలితే ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని మాట కూడా ఇచ్చారు.

పుట్టినరోజు పోటీలో లెక్క సమమైంది. మిగిలింది జంబే బాణం ఒక్కటే. గట్టు మీద నిలబడి పాడుతున్న ఆడవాళ్ల పాట ఆగిపోయింది. నేను పలక పక్కనే ఉన్నాను. అవతలి జట్టు కుర్రవాడొకడు, నడుముకు పసుపు పట్టుగుడ్డ, పలక ముందుకొచ్చి గెంతుతూ అరిచాడు.

“ఏం అటా, జీపు స్టార్టవలేదా? వచ్చి తొయ్యమంటావా?”

జంబే తాడును చెవిదాకా లాగాడు. అంత నిండుగా లాగడం అదే మొదలు. విల్లు సూటిగా మావైపు నిలిచింది. కుర్రవాడు ఇంకా గెంతుతూనే ఉన్నాడు. జరగరా అంటూ వాడివైపు చెయ్యి చాపాను. అంతలో విల్లు కొంచెం కిందికి వాలింది. బాణం మా దాకా రాకముందే నేలలో దిగబడింది.

అవతలివాళ్లు విజయనృత్యం చేశారు. ఆ రోజు కుక్క కూడా రాలేదు. ఏడాది చివర జంబే జీపు తాళాలు నా చేతికే ఇచ్చి, కొండరోడ్ల మీద రాళ్లు కొట్టే కూలికి వెళ్లిపోయాడు. యాంగ్దెన్ కూడా వెంట వెళ్లింది.

పోటీ జరిగిన ఆ సాయంత్రం మాత్రం మైదానం ఖాళీ అయ్యాక తిన్లే గారు జంబే దగ్గరికి నడిచారు. కోపం కంటే ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో.

“నేను చూశానయ్యా. తగిలించగలిగుండీ కావాలనే నేలకు కొట్టావు. నీ పొట్టా కొట్టుకున్నావు, మా అందరి తలలూ దించావు.”

జంబే బాణానికంటిన మట్టిని అంగీ చేతితో తుడుస్తున్నాడు.

“నేలలోంచి పీకితే దీనికి రక్తం అంటదు, సార్.”